రాబర్టు బర్న్సు: చందాదారులు నిలిపిన రైతు కవి

పూర్వము మన దేశమున కవి కావ్యమును రచించినచో దానిని రాజునకో, మంత్రికో, ఇష్టదైవమునకో అంకితమొనర్చెడివాడు. కృతిభర్త లభించినచో కవికి గ్రాసము లభించెడిది; కావ్యమునకు వ్రాతప్రతులు వెలసెడివి. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ పరిస్థితి మారినది. కాగితమునకు వెల కావలెను. అక్షరములు కూర్చువానికి కూలి కావలెను. కుట్టుపనికిని, బండి బాడుగకును సొమ్ము కావలెను. రాజులు లేరు, అచ్చువేయువాడా, పేరులేని కవికొరకు తన సొమ్ము పెట్టుటకు సాహసింపడు. అట్టి స్థితిలో పల్లెటూరి కవి తన పద్యములను లోకము ముందుంచుట యెట్లు? ఈ ప్రశ్నకు 1786వ సంవత్సరమున స్కాట్లండు దేశమున ఒక కౌలురైతు సమాధానము కనుగొనెను. ఆ రైతే రాబర్టు బర్న్సు.

నేడు బర్న్సు స్కాట్లండు జాతీయకవి. అతని జన్మదినమైన జనవరి 25వ తేదీన ఆ దేశస్థులు ఏ ఖండమున నున్నను విందులు చేసికొని అతని పద్యములను చదువుకొందురు. నూతన సంవత్సరము ప్రవేశించు అర్ధరాత్రమున ఆంగ్లభాష వ్యవహరించు దేశములలో జనులు చేయిచేయి పట్టుకొని పాడు పాత నేస్తముల పాట అతడు సంస్కరించి యిచ్చినదే. ఇంతటి కీర్తికి మూలమైన మొదటి పుస్తకము మాత్రము ఇరుగుపొరుగువారు ముందుగా వ్రాసియిచ్చిన చందాలవలన వెలువడినది. గ్రంథాలయమును చందాలతో నిలుపుకొన్న మనము ఆ కథను తెలిసికొనుట యుక్తము.

బాల్యము, విద్య

బర్న్సు 1759వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఏర్ పట్టణమునకు రెండు మైళ్ల దూరమునగల ఆలోవే గ్రామమున జన్మించెను. తండ్రి విలియము తోటమాలిపని చేయుచు, తన చేతులతోనే మట్టిగోడలు పెట్టి, గడ్డి కప్పి యిల్లు కట్టుకొనెను. బిడ్డ పుట్టిన కొలదిదినములకే గాలివాన వచ్చి ఆ యింటి గోడలో కొంతభాగము కూలెను. తల్లియైన ఆగ్నెసును పసిబిడ్డను పొరుగింటికి చేర్చవలసివచ్చెను. ఏడుగురు సంతానములో ఇతడే జ్యేష్ఠుడు.

తండ్రి బీదవాడైనను విద్యయందు మిక్కిలి ఆసక్తిగలవాడు. 1765వ సంవత్సరమున అతడును, ఇరుగుపొరుగు గృహస్థులును కలిసి, జాన్ మర్డాక్ అను యువకుని ఉపాధ్యాయునిగా కుదుర్చుకొనిరి. జీతము నందరును పంచుకొని యిచ్చుచు, వంతులవారీగా ఒక్కొక్కరి యింట నతనికి భోజనము పెట్టెడివారు. ఒక్క యింటికి మోయరాని భారము నలుగురు పంచుకొన్నచో తేలికయగును. బర్న్సు చదువు ఈ విధముగా చందాతోనే ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఇంట పుస్తకములు కొనుటకు శక్తిలేదు గనుక ఎక్కువభాగము ఎరవు తెచ్చి చదివినవే. గురువు హన్నిబాలు చరిత్ర నిచ్చెను. ఊరి కమ్మరి స్కాట్లండు వీరుడైన వాలేసు కథ నిచ్చెను. ఒక పాటల సంపుటమును బండి తోలుచు, పొలమునకు నడచుచు చదివెను. తల్లి పాత పాటలు పాడెడిది. వారి యింటికి వచ్చిపోవుచుండిన బెట్టీ డేవిడ్సను అను ముసలి బంధువు దయ్యముల కథలు, మాయల కథలు చెప్పెడిది. పుస్తకముల ఆంగ్లమును, పల్లెజనుల స్కాట్లండు నుడికారమును ఈ విధముగా ఒకే కాలమున అతని చెవిని బడినవి. పిమ్మట అతని కవిత్వమునకు బలమిచ్చినది రెండవది.

1766లో తండ్రి మౌంట్ ఆలిఫెంట్ అనుచోట 70 ఎకరముల పొలమును, 1777లో లాక్లీ అనుచోట 130 ఎకరముల పొలమును కౌలునకు గైకొనెను. నేల సారములేనిది, కౌలు అధికము. పదునైదేండ్ల ప్రాయమునకే రాబర్టు పెద్దవాడు చేయు పనియంతయు చేసెను. ఆ చిన్ననాటి కాయకష్టమే అతని గుండెజబ్బునకు కారణమని తరువాతి వైద్యులు తలంచిరి. భూస్వామితో కౌలు తగవు న్యాయస్థానమున కెక్కెను. వ్యాజ్యములో గెలిచినను, ఖర్చులకు క్షీణించి, తండ్రి 1784 ఫిబ్రవరి 13వ తేదీన మరణించెను.

పద్యములు పుట్టిన పొలము

రాబర్టును, తమ్ముడు గిల్బర్టును మాఖ్లిన్ గ్రామ సమీపమున మాస్‌గీల్ అను 118 ఎకరముల పొలమును గావిన్ హామిల్టన్ అను న్యాయవాదివద్ద కౌలునకు గైకొనిరి. అన్నదమ్ములు కుటుంబ సొమ్ములోనుండి ఒక్కొక్కరు సంవత్సరమునకు 7 పౌనుల జీతము మాత్రమే వాడుకొనుచుండిరి. ఒక పౌనుకు 20 షిల్లింగులు. ఒక షిల్లింగునకు 12 పెన్నీలు. ఈ లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

అంతకు కొంతకాలము ముందు, 1781లో, జనుపనారవంటి అవిసెనార చీరు పనిని నేర్చుకొనుటకు బర్న్సు ఇర్విను పట్టణమునకు పోయెను. నూతన సంవత్సరోత్సవమునాడు ఆ దుకాణము కాలిపోయెను. ఆ యూరిలో రిచర్డు బ్రౌను అను నావికునితో స్నేహము కలిగెను. ఒకనాడు వనములో విహరించుచు బర్న్సు పద్యములను విని, వీనిని పత్రికకు పంపకుండ నేల యూరకున్నావని ఆ నావికు డాశ్చర్యపడెను. తనకు కవినను భావము కలిగించినది ఆ మాటయేనని బర్న్సు పిమ్మట అతనికి వ్రాసెను. రాబర్టు ఫెర్గుసన్ అను కవి స్కాట్లండు నుడికారమున వ్రాసిన పద్యములను చదివిన పిమ్మట తానును ఆ భాషలోనే వ్రాయవలెనని నిశ్చయించెను.

మాస్‌గీల్ పొలమున పంటలు చెడినవి గాని పద్యములు పండినవి. 1784 మొదలు 1786 వరకు రెండేండ్లలోనే అతని ఉత్తమ రచనలనేకములు వెలువడినవి. పగలు దున్ని, రాత్రి అటకమీద చిన్న బల్లవద్ద వ్రాసికొనెడివాడు. నాగటిచాలులో గూడు చెదరిన ఎలుక, నాగలిక్రింద నలిగిన పూవు, శనివారము సాయంకాలము పాలేరు యింట పిల్లలు చేరి చేయు ప్రార్థన, ధనికుని కుక్కయు, రైతు కుక్కయు మాటలాడుకొనుట, దేవాలయపు పెద్దల కపటము, ఇవియే అతని కావ్యవస్తువులు. వ్రాతప్రతులు చేతులు మారి చుట్టుప్రక్కల గ్రామములలో పాకెను. కొందరు మెచ్చిరి, కొందరు మండిపడిరి. ఎట్లైనను అచ్చునకు ముందే పాఠకులు సిద్ధముగానుండిరి.

1786: కష్టముల నడుమ పుస్తకము

1786వ సంవత్సరము బర్న్సు జీవితమున మిక్కిలి దుర్భరమైనది. తాపీపనివాడైన ఆర్మరు అనువాని కుమార్తె జీను గర్భవతియయ్యెను. బర్న్సు వివాహపత్రము వ్రాసియిచ్చెను. కాని ఆ పత్రమును ఆమె తండ్రి చెల్లనీయక, బర్న్సుపై దావావేసి, అతనిని చెరసాలకు పంపజూచెను. అంతకుముందే వేరొక స్త్రీవలన కలిగిన పసిబిడ్డ పోషణభారముకూడ బర్న్సుపై నుండెను. అతని నడవడియందలి ఈ దోషములను జీవితచరిత్రకారు లెవ్వరును దాచలేదు. అతడును దాచుకొనలేదు.

దిక్కుతోచక, వెస్టిండీసులోని జమైకా ద్వీపమునకు పోయి, చెరకుతోటలో లెక్కలు వ్రాయు కొలువున ప్రవేశింప నిశ్చయించెను. ఆ తోటలు బానిసల చెమటతో నడచుచుండినవి. మానవుని ఘనతనుగూర్చి అంతగా వ్రాసిన కవి అట్టి కొలువున కొప్పుకొనుటను నేటి చదువరులు ఖేదముతో చూతురు. ఓడ బాడుగ తొమ్మిది గినీలు. గినీ యనగా 21 షిల్లింగులు. ఆ సొమ్మును అతనివద్ద లేకపోయెను. దేశము విడుచుటకు ముందు తన పద్యములను అచ్చువేసిపోవుట మేలని మిత్రులు చెప్పిరి.

కిల్మార్నాక్ పట్టణమున జాన్ విల్సన్ అను ముద్రాపకుడుండెను. అతడు పెట్టుబడి పెట్టుటకు సిద్ధముగా లేడు. అప్పుడు బర్న్సు చందా పద్ధతి నవలంబించెను. ఈ పద్ధతి అతడు కనిపెట్టినది కాదు. ఆ కాలమున వాడుకలో నున్నదే. ముందుగా ఒక ప్రకటనపత్రము నచ్చువేయుదురు. అందు పుస్తకమెట్లుండునో, వెల యెంతయో చెప్పుదురు. క్రింద గీతలు గీసి చోటు విడుతురు. కొనదలచినవారు తమ పేరును, కావలసిన ప్రతుల సంఖ్యను అందు వ్రాయుదురు. ఖర్చునకు సరిపడు పేర్లు చేరిన పిమ్మటనే ముద్రణ మారంభమగును. బర్న్సు ప్రకటనపత్రము 1786 ఏప్రిల్ 14వ తేదీ గలది. వెల మూడు షిల్లింగులు.

ఈ పత్రములను పట్టుకొని తిరిగినవా రెవరు? ఏర్ పట్టణపు న్యాయవాది రాబర్టు ఎయికెన్ ఒక్కడే 145 ప్రతులకు పేర్లు చేర్చెను. కిల్మార్నాక్ ద్రాక్షసారాయి వర్తకుడు రాబర్టు మ్యూర్ 72 ప్రతులకు చేర్చెను. తమ్ముడు గిల్బర్టు 70 ప్రతులకు చేర్చెను. భూస్వామియైన హామిల్టన్‌ను, మిత్రుడైన జేమ్సు స్మిత్తును చెరియొక నలుబది ప్రతులకు అటునిటుగా చేర్చిరి. పేరుగల పండితులు గాని, ప్రభువులు గాని ఈ పట్టికలో ముఖ్యులు కారు. కవిని కన్నులార చూచినవారు, అతని పద్యమును చెవులార విన్నవారు, వారే మొదటి కృతిభర్తలు.

ముద్రణము జూన్ 13వ తేదీన ఆరంభమై, పుస్తకము జూలై 31వ తేదీన వెలువడెను. ప్రతులు 612, పుటలు 240. పల్లెభాష తెలియనివారికొరకు చివర పదకోశము చేర్చబడెను. ముద్రణ జరుగుచుండగా బర్న్సు దావాకు భయపడి తలదాచుకొని తిరుగుచుండెను. పొలములో తన వాటాను, పుస్తకముపై వచ్చు లాభమును తన పసిబిడ్డ పోషణకై తమ్ముని పేర వ్రాసియిచ్చెను.

ఇప్పుడు లెక్క చూతము. ముద్రణవ్యయము సుమారు 35 పౌనులు. అచ్చునకు ముందు చేరిన చందాలు సుమారు 350. ప్రతికి మూడు షిల్లింగులు గనుక వానివలన వచ్చునది 52 పౌనులకు పైగా నుండును. అనగా ఒక్క ప్రతియు దుకాణమున అమ్మకున్నను అచ్చు ఖర్చు గడచిపోవును. విల్సన్‌కు నష్టభయము లేదు. కవికి అప్పు లేదు. చందా పద్ధతిలోని రహస్యమంతయు ఇదియే.

మూడు షిల్లింగులు ఆ కాలపు పాలేరునకు స్వల్పము కాదు. మాస్‌గీల్ అన్నదమ్ముల 7 పౌనుల జీతముతో పోల్చినచో అది ఎనిమిది దినముల సంపాదన. అయినను దున్నువారును, పనికత్తెలును బట్టలకై కూడబెట్టుకొన్న సొమ్మునిచ్చి ఈ పుస్తకమును కొనిరని ఆ కాలమువాడైన రాబర్టు హెరన్ వ్రాసెను. ఆగస్టు నెలాఖరునకు పదమూడు ప్రతులు మాత్రమే మిగిలినవి. డన్‌లప్ దొరసాని యొక పద్యము చదివి పరవశించి, ఆరు ప్రతులకై మాస్‌గీల్‌నకు మనిషిని పంపగా కవివద్ద అయిదే యున్నవి. ఖర్చులు పోను తనకు ఇరువది పౌనులకు దగ్గరగా మిగిలెనని బర్న్సు వ్రాసికొనెను.

సెప్టెంబరు 3వ తేదీన జీనుకు కవలలు కలిగిరి. ఎడింబరోలోని థామస్ బ్లాక్‌లాక్ అను అంధకవి పుస్తకమును వినిపించుకొని, వెంటనే రెండవకూర్పు వేయవలెనని ఒక గురువునకు జాబు వ్రాసెను. ఆ జాబు చేతులు మారి బర్న్సునకు చేరెను. జమైకా ప్రయాణము నిలిచిపోయెను.

రాజధానిలో రెండవకూర్పు

బర్న్సు రెండవకూర్పునకై మొదట విల్సన్‌నే అడిగెను. వేయి ప్రతులకు కాగితము వెల సుమారు 27 పౌనులనియు, దానిని ముందుగా చెల్లించిననే పని మొదలిడుదుననియు విల్సన్ చెప్పెను. కవివద్ద అంత సొమ్ము లేదు. ఏర్ పట్టణపు మిత్రుడు జాన్ బాలంటైన్ సొమ్ము బదులిచ్చుటకు సిద్ధపడియు, ఎడింబరోకు పోయి ప్రచురణకర్తను వెదకుట మేలని హితవు చెప్పెను. నవంబరు చివర బర్న్సు ఎరవు గుఱ్ఱముపై నెక్కి రాజధానికి బయలుదేరెను.

గ్లెన్‌కెయిర్న్ ప్రభువు అతనిని విలియం క్రీచ్ అను ప్రచురణకర్తకు పరిచయము చేసెను. హెన్రీ మెకంజీ యను ప్రసిద్ధ రచయిత 1786 డిసెంబరు 9వ తేదీన తన పత్రికలో పుస్తకమును ప్రశంసించెను. ఆ వ్యాసమువలన దైవదత్తమైన ప్రతిభగల దున్నువాడను పేరు దేశమంతట ప్రాకెను. ఇతరుల పుస్తకములను విరివిగా చదివి, ప్రతి పద్యమును సానబట్టిన కవికి ఆ పేరు పూర్తిగా సరిపడునది కాదు. అయినను అమ్మకమునకు ఉపకరించెను. కలెడోనియన్ హంట్ అను ప్రభువుల సంఘమువారు నూరు ప్రతులకు చందా వ్రాసిరి. ఆ శీతకాలముననే పదునైదేండ్ల బాలుడైన వాల్టరు స్కాటు ఒక పండితుని యింట బర్న్సును చూచి, అతని కన్నుల కాంతిని జీవితాంతము మరువకుండెను.

ఈ కూర్పును విలియం స్మెల్లీ అచ్చువేసెను. చందాదారులు అనుకొన్నదానికంటె ఎక్కువగా చేరుచుండుటచే ప్రతుల సంఖ్యను సుమారు మూడువేలకు పెంచవలసివచ్చెను. అప్పటికే కొన్ని పుటల అక్షరములను విడదీసి గూళ్లలో వేసియుండుటచే వానిని మరల కూర్చిరి. ఆ తొందరలో పలుచని పులుసును చెప్పు మాటలో ఒక అక్షరము మారి, కంపుకొట్టు పులుసయ్యెను. నేటి గ్రంథసంగ్రాహకులు ఆ తప్పును చూచియే యిది యే కూర్పుదో నిర్ణయించుచుందురు. 1787 ఏప్రిల్ నెలలో పుస్తకము వెలువడెను. చందాదారులకు 5 షిల్లింగులు. ఇతరులకు 6 షిల్లింగులు. పదునైదువందలమందికి పైగా చందాదారులు. వారి పేర్లకే 38 పుటలు పట్టెను.

హక్కు అమ్ముకొనుట

ఇంతవరకు బర్న్సు మార్గము నిష్కంటకము. ఇక్కడనే పొరపాటు జరిగెను. ఆ కాలపు చట్టము గ్రంథకర్తకు 14 సంవత్సరముల హక్కు నిచ్చుచు, ఆ గడువునాటికి అతడు జీవించియున్నచో మరి 14 సంవత్సరములు పొడిగించుచుండెను. బర్న్సు ఆ హక్కును నూరు గినీలకు క్రీచ్‌కు విక్రయించెను. వెలను నిర్ణయించినవాడు మెకంజీ. చేతిలో సొమ్ములేని రైతునకు నూరు గినీలు పెద్దమొత్తముగా కనబడుట సహజమే.

కాని ఆ సొమ్మైనను చేతికి వచ్చుట దుర్లభమయ్యెను. క్రీచ్ విద్వాంసులను ఆదరించువాడేగాని, సొమ్ము చెల్లించుటలో మిక్కిలి జాగుచేయువాడు. బర్న్సు రాజధానిలోనే మరియొక శీతకాలము గడపవలసివచ్చెను. నూరు గినీలు 1788 మే నెలలో గాని ముట్టలేదు. తక్కిన లెక్క 1789 ఆరంభమునగాని తేలలేదు. మొత్తముమీద నాలుగైదువందల పౌనులు వచ్చినవి. అందుండి 180 పౌనులను పొలముతో బాధపడుచున్న గిల్బర్టునకు అప్పుగా నిచ్చెను. 1793లో క్రీచ్ కొత్తపద్యములు చేర్చి రెండు సంపుటములుగా మరల ప్రకటించినప్పుడు కవికి ముట్టినవి కొలది ప్రతులు మాత్రమే. ఆ కొత్తపద్యములలో దయ్యముల కథల ఫలమైన టామ్ ఓ షాంటర్ కావ్యముకూడ కలదు.

రాజధానిలోనున్న కాలముననే బర్న్సు చేసిన యొక కార్యమును చెప్పవలెను. తనకు దారిచూపిన ఫెర్గుసన్ 1774లో ఇరువదినాలుగేండ్లకే మరణించి, గుర్తులేని సమాధిలో నుండెను. బర్న్సు స్వంత ఖర్చుతో ఆ సమాధిపై శిల నిలుపుటకు ఏర్పాటు చేసెను.

పల్లెకు గ్రంథాలయము

1788లో బర్న్సు జీనును భార్యగా ప్రకటించి, డంఫ్రీసు పట్టణమునకు ఆరు మైళ్ల దూరమున ఎల్లిస్‌లాండు అను పొలమును కౌలునకు గైకొనెను. పంట గిట్టుబాటు కాలేదు. 1789లో సుంకముల శాఖలో సంవత్సరమునకు 50 పౌనుల యుద్యోగమున ప్రవేశించి, వారమునకు సుమారు రెండువందల మైళ్లు గుఱ్ఱముపై తిరుగుచు ప్రభుత్వ సుంకమును వసూలుచేసెను.

అంతటి శ్రమలోను అతడు చేసిన యొక పని మనకు మిక్కిలి ఆదరణీయము. పొరుగు భూస్వామియైన రాబర్టు రిడెల్‌తో కలిసి ఆ ప్రాంతపు కౌలుదార్లకొరకు, రైతులకొరకు మాంక్లండు మిత్రసంఘమను పేర నొక గ్రంథాలయమును స్థాపించెను. దాని నియమములు సామాన్యములు. చేరునప్పుడు అయిదు షిల్లింగులు. నాలుగు శనివారముల కొకసారి సమావేశము; సమావేశమునకు ఆరు పెన్నీలు. ఆ సొమ్ముతో పుస్తకములు కొందురు. ఏ పుస్తకములు కొనవలెనో అధికసంఖ్యాకుల మాటపై నిర్ణయింతురు. పట్టికలో మొదటి పేరుగలవాడు మొదట కోరుకొనును. రెండవవాడు పిమ్మట కోరుకొనును. మరుసటి సమావేశమున మొదటివాడు చివరకు పోవును, రెండవవాడు మొదటివాడగును. ఈ విధముగా ధనికుడని, బీదయని భేదములేక అందరికిని వంతు వచ్చును. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట పుస్తకములను సభ్యులలోనే వేలమువేసి, ఎవరి వాటాను వారికి పుస్తకరూపమున గాని ధనరూపమున గాని యిచ్చిరి.

బర్న్సు ఈ సంఘమునకు కోశాధికారి, గ్రంథపాలకుడు, గ్రంథములనెన్నువాడు, అన్నియు తానే. ఎడింబరో పుస్తకవర్తకుడైన పీటరు హిల్‌నకు జాబులు వ్రాసి చవుకకూర్పులను తెప్పించెడివాడు. నూట యేబది సంపుటముల వరకు చేరినవి. వానిలో చరిత్రలు, ధర్మోపన్యాసములు, వ్యాససంపుటములు, డాన్ క్విక్సోటు వంటి కథలు ఉండెను. దేశములోని గ్రామములనుగూర్చి సర్ జాన్ సింక్లేరు ప్రకటించుచుండిన బృహద్గ్రంథమున ఈ గ్రంథాలయప్రసక్తి లేకపోవుటచూచి, బర్న్సు దానినిగూర్చి స్వయముగా జాబు వ్రాసి పంపెను. అది ఆ గ్రంథముయొక్క మూడవ సంపుటమున 1792లో అచ్చయ్యెను. క్రింద సంతకము మాత్రము బర్న్సు అని కాక, ఒక రైతు అని చేసెను.

ఎరవు పుస్తకములతో చదువుకొన్న బాలుడు పెద్దవాడై, ఎరవిచ్చు పుస్తకశాలను కట్టెను. ముందుగా పేరువ్రాసిన పాఠకులవలన కవియైనవాడు పాఠకులను తయారుచేయుటకు పూనుకొనెను. ఋణమును తీర్చుకొనుట యనగా నిదియే గదా!

తుదిదినములు

1791 చివర పొలమును విడిచి డంఫ్రీసునకు మకాము మార్చెను. ఆ కాలమున అతడెక్కువగా పాటలకే అంకితుడయ్యెను. జేమ్సు జాన్సన్ అను చెక్కుడుపనివాడు దేశపు పాటలన్నింటిని రాగములతో సంపుటములుగా ప్రకటించుచుండెను. 1787 మొదలు 1803 వరకు వెలువడిన ఆరు సంపుటములలోని ఆరువందల పాటలలో సుమారు రెండువందలు బర్న్సు వ్రాసినవో, సంస్కరించినవో అయియున్నవి. వానికి అతడు ఒక్క పెన్నీయైనను గైకొనలేదు. జార్జి థాంసన్ అను మరియొక సంపాదకుడు 1793లో అయిదు పౌనులు పంపగా, దేశపు పాటలకు కూలి తీసికొననని నొచ్చుకొనెను.

హక్కు నొకరికి నమ్మి, పాటల నందరికి నూరక యిచ్చిన కవికి తుదికి మిగిలిన దేమి? 1796లో వ్యాధి ముదిరెను. పనిచేయలేనందున జీతము తగ్గెను. స్వచ్ఛంద సైనికదళపు దుస్తులకై బాకీపడిన సొమ్మునకు ఒక వర్తకుడు చెరసాల బెదిరింపు పంపెను. జూలై 12వ తేదీన బర్న్సు సిగ్గువిడిచి, తాను మూడేండ్ల క్రిందట మందలించిన థాంసన్‌కే అయిదు పౌనులకై వ్రాసెను. దాయాదికి పది పౌనులకై వ్రాసెను. ఇద్దరును పంపిరి. తొమ్మిది దినములకు, 1796 జూలై 21వ తేదీన, ముప్పదియేడేండ్ల వయస్సున కవి మరణించెను. 25వ తేదీన అంత్యక్రియలు జరుగుచుండగనే జీనుకు మగబిడ్డ కలిగెను.

అప్పుడు మరల చందాయే ఆదుకొనెను. మిత్రులు దేశమంతట పట్టికలు త్రిప్పి కుటుంబమునకై ధనము కూర్చిరి. లివర్‌పూల్ వైద్యుడైన జేమ్సు కర్రీ ప్రతిఫలము లేకయే రచనలను పరిష్కరించి, 1800లో నాలుగు సంపుటములుగా ప్రకటించెను. దాని ఆదాయము భార్యాబిడ్డలకు చేరెను. జీను 1834 వరకు జీవించి, భర్త కీర్తిని కన్నులార చూచెను. మొదటికూర్పు 612 ప్రతులలో నేటికి నిలిచియున్నట్లు లెక్కకు వచ్చినవి ఎనుబదికి కొంచెము పైగా మాత్రమే. తక్కినవానిని ఆ పల్లెజనులు చదివి చదివి అరుగదీసిరని తలంచినచో కవికి అంతకంటె గౌరవము లేదు.

మనకు బోధ

ఈ చరిత్రమువలన మన గ్రామములలో పద్యములు వ్రాయు యువకులు కొన్ని విషయములు గ్రహింపవలెను. మొదట తన పద్యమును దగ్గరివారికి వినిపింపవలెను. వారు మెచ్చనిదే దూరపువారు కొనరు. పత్రికకు పంపుటకు సంకోచింపరాదు. అచ్చువేయుటకు ముందే కాగితము, కూర్పు, కుట్టు, రవాణా అన్నింటికి లెక్క వేసి, ఎన్ని ప్రతులకు పేర్లు చేరినచో ఖర్చు గడచునో తెలిసికొనవలెను. గ్రంథస్వామ్యమును తొందరపడి అమ్ముకొనరాదు. నేటి మన దేశపు చట్టముప్రకారము ఆ హక్కు కవి జీవితకాలమంతయు, అతని పిమ్మట మరి 60 సంవత్సరములును నిలుచును. అది బిడ్డల సొత్తు.

పాఠకులమైన మనకును ఇందు బోధ కలదు. పోతన హలము దున్ని జీవించెనని, తన భాగవతమును రాజుల కీయనొల్లలేదని మన పెద్దలు చెప్పుదురు. రాజు వద్దన్న కవికి ప్రజయే దిక్కు. తెలుగునాట 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలుగా ఎన్నో గ్రంథమాలలు చందాదారుల బలముతోనే నడచినవి. 1914లో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నాటినుండి మన పల్లెలలోని పుస్తకశాలలును ఆ బలముననే నిలిచినవి. ఎయికెన్ న్యాయవాది తిరిగి తిరిగి వ్రాయించిన 145 ప్రతులు లేకున్నచో ఒక మహాకవి చెరకుతోట లెక్కలలో అంతర్హితుడై యుండెడివాడు. చందా పట్టికలో ఒక పేరు చిన్నదిగా కనబడును. ఆ పేర్లన్నియు కలిసిన పిమ్మట ఏమగునో కిల్మార్నాక్ కూర్పు చెప్పుచున్నది.

రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నెలనెల అణగిమణగి వచ్చిన చిన్న చందాలతో నిలిచినది. ఆ చందాదారులందరును ఈ సంస్థకు కృతిభర్తలే. ఇకముందు మన యూరి కవి యెవ్వడైనను పద్యముల వ్రాతప్రతిని చేతబట్టుకొని మన వాకిట నిలిచినప్పుడు, మొదటి పేరు వ్రాయు చేయి మన గ్రంథాలయమునదే కావలెనని, ఈ సంస్థ స్వర్ణోత్సవమును, శతాబ్ద్యుత్సవమును జరుపుకొనవలెనని ఆకాంక్షించుచు విరమించుచున్నాను.